పర్లాకిమిడి మేష్టారు: కాదనే స్వేచ్ఛ, రుజువు చూపే బాధ్యత



ఈ నెల 29న మన స్కూల్లో తెలుగు భాషా దినోత్సవం. మీ ఇంట్లో ఇప్పటికే హడావుడి మొదలై ఉంటుంది. బాబుకి పంచె ఎక్కడ దొరుకుతుంది, పాపకి పట్టు లంగా సరిపోతుందా, స్పీచ్ ఎవరు రాసిస్తారు అని. స్పీచ్‌లో మొదటి వాక్యం మాత్రం అందరిదీ ఒకటే. గిడుగు వెంకట రామమూర్తి గారు వ్యావహారిక భాషోద్యమ పితామహుడు. పిల్లలు ఆ మాట గడగడా అప్పజెప్పేస్తారు. మనం చప్పట్లు కొట్టి ఇంటికొచ్చేస్తాం.

ఆ ఒక్క వాక్యం వెనకాల ఉన్న మనిషి గురించి ఈ నెల మీతో మాట్లాడాలని ఉంది. ఎందుకంటే ఆయన జమీందారు కాదు, మంత్రి కాదు, పెద్ద పదవిలో ఉన్న అధికారీ కాదు. నెల జీతం మీద బతికిన టీచరు. మన కోటబొమ్మాళిలో రైలెక్కి నౌపడలో దిగి, గుణుపూర్ లైన్లో టెక్కలి, టెంబూరు, పాతపట్నం దాటితే పర్లాకిమిడి వస్తుంది. ఆ ఊళ్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పారు.

పై అధికారులు, పరీక్ష పెట్టే విశ్వవిద్యాలయం, పేరున్న పండితులు అందరూ ఒక మాట మీద ఉంటే, దాన్ని పిల్లలకి బోధించాల్సిన ఉద్యోగి అది సరికాదు అని చెప్పొచ్చా? చెప్పొచ్చు అనుకుంటే, ఎంతవరకు? ఆ స్వేచ్ఛకి బదులుగా అతను ఏం బాధ్యత మోయాలి? గిడుగు వారి జీవితమంతా ఈ ప్రశ్నకి జవాబులాగే ఉంటుంది. ఆ జవాబు మీకూ అవసరమే. ఎందుకంటే మీ పిల్లల్ని రోజూ ఏడెనిమిది గంటలు మీరు ఒప్పజెబుతున్నది కూడా ఒక టీచరుకే.

వంశధార ఒడ్డున మొదలు

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి దగ్గర్లో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. నాన్నగారు వీర్రాజు, అమ్మగారు వెంకమ్మ. 1875లో తండ్రి చనిపోయారు. అప్పటికి అబ్బాయికి పన్నెండేళ్లు. అంటే మన లెక్కలో ఏడో తరగతి పిల్లాడు. చదువు ఆగిపోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. అయినా బంధువుల అండతో విజయనగరం మహారాజా వారి స్కూల్లో చేరారు. అక్కడ ఆయనతోపాటు చదువుకున్న ఇంకో కుర్రాడు గురజాడ అప్పారావు. ఈ ఇద్దరి స్నేహం ముప్పై ఏళ్ల తర్వాత తెలుగు చదువుల దారినే మార్చింది.

1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మరుసటి ఏడు, 1880లో, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఉద్యోగం దొరికింది. చిన్న తరగతికి చరిత్ర చెప్పాలి. జీతం నెలకి 30 రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. పూర్తి చేశారు. కాలేజీ తరగతులకి పాఠం చెప్పే స్థాయికి వచ్చారు. ఇప్పుడు ఎస్.కె.సి.జి. కాలేజీ అని పిలుస్తున్నది ఆ రాజావారి కాలేజీనే.

ఇంతవరకు ఇది ఎందరో కష్టజీవుల కథ. ఇక్కడి నుంచి వేరే దారి పట్టింది.

పుస్తకంలో లేనిది రాతి మీద ఉంది

చరిత్ర టీచరుకి అప్పట్లో పని సులువు. పుస్తకంలో ఉన్న రాజుల పేర్లు, తేదీలు చెప్పేసి, పిల్లల చేత అప్పజెప్పించుకుంటే చాలు. కానీ రామమూర్తి గారు పుట్టిన ఊరికి దగ్గర్లోనే ముఖలింగం గుడి ఉంది. ఆ గోడల నిండా శాసనాలున్నాయి. దర్శనానికి వచ్చిన వాళ్లు వాటిని చూస్తూ వెళ్లిపోతారు. చదివేవాళ్లు తక్కువ.

ఆయన పాత లిపులు స్వయంగా నేర్చుకున్నారు. గుడి గోడల మీద రాతలు, రాగి రేకుల మీద శాసనాలు చదివారు. అప్పటికి కళింగ గాంగుల రాజధాని కళింగనగరం అంటే సముద్రం ఒడ్డున ఉన్న కళింగపట్నమే అని పేరున్న పరిశోధకులు అనుకునేవారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే ఈ మేష్టారు, కాదు, ఆ నగరం ముఖలింగం దగ్గరే ఉండేది అన్నారు. ఊరికే అనలేదు. శాసనాల్లో ఏ పేరు ఎక్కడ ఉందో చూపించారు. తన వాదాన్ని పండితులు పరీక్షించడానికి వీలుగా పత్రికల్లో రాశారు. తర్వాతి చరిత్రకారులు చాలామంది ఆ మాటే ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆయన తనకంటే ఎంతో పెద్ద హోదాలో ఉన్నవాళ్లని కాదన్నారు. ఆ స్వేచ్ఛ ఆయనకి ఎవరూ జీవోలో రాసివ్వలేదు. ఎండలో గుడి గోడ దగ్గర నిలబడి అక్షరం అక్షరం చదివితే వచ్చింది. జీవితాంతం ఆయన పద్ధతి ఇదే. ముందు పని, తర్వాత మాట.

కొండ మీద పిల్లల కోసం

పర్లాకిమిడి చుట్టూ ఉన్నవి సవరల కొండలు. సీతంపేట వైపు, మందస వైపు వెళ్లినవాళ్లకి ఆ ఊళ్లు తెలుసు. సవరలు సంతకి వచ్చి చింతపండు, కొండచీపుళ్లు అమ్ముకుని వెళ్తుంటే లెక్కల్లో, కొలతల్లో మోసపోవడం మామూలుగా జరిగేది. వాళ్ల పిల్లలకి బడి లేదు. బడి ఉన్నా అందులో చెప్పే భాష వాళ్లది కాదు.

సవర భాషకి అప్పటికి లిపి లేదు, వ్యాకరణం లేదు, పుస్తకం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని రామమూర్తి గారు ఆ భాష నేర్చుకున్నారు. కొండల మీద తిరిగి మాటలు పోగుచేశారు. పిల్లలకి వాచకాలు తయారుచేశారు. తన సొంత డబ్బుతో బళ్లు పెట్టి, టీచర్లకి జీతాలిచ్చి, సవర పిల్లలకి సవరలోనే పాఠం చెప్పించారు. ఇది ఆయన డ్యూటీలో భాగం కాదు. కాలేజీ అడగలేదు. ప్రభుత్వమూ అడగలేదు.

కొండ ప్రాంతంలో మలేరియా ఎక్కువ. దానికి అప్పట్లో ఉన్న మందు క్వినైన్. ఆ క్వినైన్ వాడకం వల్లే ఆయన వినికిడి దెబ్బతిన్నదని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. పిల్లల గొంతులో పలుకు ఎలా ఉందో చెవిపెట్టి విని రాసుకున్న మనిషికి ఆ చెవులే పోయాయి. అయినా పని ఆపలేదు. భాషాశాస్త్రంలో యూరప్ పండితులు రాసిన పుస్తకాలు తెప్పించుకుని చదివారు. ధ్వనుల్ని శాస్త్రీయంగా రాసే పద్ధతి నేర్చుకున్నారు. ఆ పని ఫలితమే 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన సవర భాషా గ్రంథం. ఆ తర్వాత సవర నిఘంటువులు వచ్చాయి. ఈ సేవకి ప్రభుత్వం ఆయనకి కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

ఈ సవర బళ్లే ఆయనకి ఒక పెద్ద విషయం నేర్పాయి. పిల్లవాడికి తెలిసిన భాషలో మొదలుపెడితే చదువు వస్తుంది. సవర పిల్లాడి విషయంలో నిజమైనది తెలుగు పిల్లాడి విషయంలో మాత్రం ఎందుకు నిజం కాదు?

మనసు మార్చుకున్న మేష్టారు

ఇప్పుడు మీ పిల్లల పుస్తకాల్లో ఉన్న తెలుగు చూస్తే ఆనాటి ఇబ్బంది ఊహకి అందదు. వచ్చుచున్నాడు, చేసెను, పోయెదను అనేదే బడి భాష. వస్తున్నాడు, చేశాడు, వెళ్తాను అని రాస్తే తప్పు, మార్కులు పోతాయి. పరవస్తు చిన్నయసూరి వ్యాకరణాన్ని, ఆయన వచనాన్ని కొలబద్దగా పెట్టుకుని పరీక్షలు నడిచేవి. ఇంట్లో ఒక తెలుగు, బళ్లో ఇంకో తెలుగు. సొంత భాషనే పిల్లలు పరాయి భాషలాగా బట్టీ పట్టాల్సి వచ్చేది.

రామమూర్తి గారు కూడా మొదట్లో ఆ గ్రాంథికాన్ని కాదనలేదు. అందరిలాగే అదే చదివారు, అదే రాశారు. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాల బళ్లకి ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి వచ్చారు. జనం మాట్లాడే తెలుగుకీ, బళ్లో పుస్తకంలో ఉన్న తెలుగుకీ ఇంత తేడా ఎందుకు అని ఆయనకి సందేహం కలిగింది. చాలామంది పండితుల దగ్గర తృప్తికరమైన జవాబు దొరకలేదు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయన్ని గురజాడ, గిడుగుల వైపు పంపారు.

ఆ ప్రశ్న రామమూర్తి గారిని వదల్లేదు. పాత కావ్యాలు, శాసనాలు, వచన గ్రంథాలు, జనం మాట అన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. భాష ఎప్పుడూ మారుతూనే వచ్చిందని, నన్నయ నాటి భాష నన్నయ నాటి జనానికి వాడుకలో ఉన్నదేనని, తమ కాలంలో చదువుకున్నవాళ్లు మాట్లాడుకునే భాషలో రాయడం తప్పు కాదని తేల్చుకున్నారు. అంతకుముందు తాను నమ్మిన దాన్ని తానే వదిలేశారు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. పాతికేళ్లకి పైగా సర్వీసు ఉంది.

ఆలోచనా స్వేచ్ఛ అనగానే మనకి ఇతరుల్ని ఎదిరించడమే గుర్తొస్తుంది. కానీ అందులో మొదటి మెట్టు తనని తాను కాదనుకోగలగడం. నిన్నటిదాకా నేను చెప్పింది సరికాదు అని ఒప్పుకోలేని టీచరు, ఎదుటివాళ్లది తప్పు అంటే మనం ఎలా నమ్ముతాం?

విశ్వవిద్యాలయం ముందు

1911లో ఆయన రిటైరయ్యారు. సరిగ్గా ఆ సమయానికే అసలు పోరాటం మొదలైంది. 1912–13 నాటికి స్కూల్ ఫైనల్ వ్యాసం పాత శైలిలోగానీ ఆధునిక శైలిలోగానీ రాయవచ్చని అనుమతి వచ్చింది. దాంతో పండిత లోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వంలో గ్రాంథికవాదులు సభలు పెట్టారు, అర్జీలు పంపారు. వాళ్లూ తెలుగు మీద ప్రేమతోనే చేశారు. నియమం పోతే భాష చెడిపోతుందని నిజంగానే భయపడ్డారు. ఆ సంగతి మనం మర్చిపోకూడదు.

మద్రాసు విశ్వవిద్యాలయం ఈ విషయం తేల్చడానికి కమిటీ వేసింది. అందులో గురజాడ ఒకరు. కమిటీలో ఎక్కువమంది గ్రాంథికం వైపే ఉన్నారు. సంతకం పెట్టి ఊరుకోవచ్చు. లేదా కోపంతో బయటికి నడిచిపోవచ్చు. గురజాడ రెండూ చేయలేదు. 1914లో తన అసమ్మతిని కారణాలతో సహా పెద్ద పత్రంగా రాసి విశ్వవిద్యాలయానికే ఇచ్చారు. మినిట్ ఆఫ్ డిసెంట్ అని దానికి పేరు. అంతకుముందు ఏడాదే, 1913లో, గిడుగు ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో ఒక మెమొరాండం ప్రచురించారు. ఇద్దరూ చేసింది ఒకటే. తమ అభిప్రాయాన్ని గుసగుసగా ఉంచకుండా, ఎవరైనా చదివి తప్పుపట్టగలిగేలా కాగితం మీద పెట్టారు.

అయినా ఓడిపోయారు. ఆధునిక శైలికి వచ్చిన అనుమతి ఎక్కువ కాలం నిలవలేదు. 1915 నవంబరు 30న గురజాడ కన్నుమూశారు. చెవులు సరిగా వినిపించని గిడుగు, యాభై దాటిన వయసులో దాదాపు ఒంటరిగా మిగిలారు.

సరిగ్గా అదే 1915లో, సముద్రాల అవతల అమెరికాలో, విశ్వవిద్యాలయ ఆచార్యులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. జాన్ డ్యూయీ దానికి తొలి అధ్యక్షుడు. తాము నిజమని తేల్చుకున్నది చెప్పినందుకు ఉద్యోగం పోకూడదని వాళ్ల కోరిక. ఆ ఏడాది చివర వాళ్లు విడుదల చేసిన ప్రకటన ఈనాటికీ విద్యా స్వేచ్ఛ గురించి చెప్పుకునే ప్రతిచోటా ప్రస్తావనకి వస్తుంది. అందులో హక్కుల పక్కనే బాధ్యతలు కూడా ఉన్నాయి. చెప్పే మాట ఓపికగా చేసిన పరిశోధన నుంచి రావాలి. మర్యాదగా చెప్పాలి. ఎదుటి పక్షం వాదాన్ని దాచకుండా విద్యార్థి ముందు పెట్టాలి. ఇంకా ఆలోచన ముదరని పిల్లల మీద టీచరు తన అభిప్రాయాన్ని రుద్దకూడదు.

మన పర్లాకిమిడి మేష్టారుకి ఆ సంఘంతో సంబంధం లేదు. కానీ ఆయన జీవితం పక్కన పెట్టి చూడండి. ఆ నియమాల్లో చాలావాటిని ఆయన అప్పటికే పాటిస్తున్నారు.

ఎదుటివాళ్ల పుస్తకాలే చదివారు

గిడుగు వాదించే తీరు గమనించదగ్గది. గ్రాంథికం కష్టం అని వదిలేయలేదు. గ్రాంథికవాదుల పుస్తకాలన్నీ వాళ్లకంటే శ్రద్ధగా చదివారు. నియమం తప్పకూడదు అనే పండితులే తమ రచనల్లో ఎక్కడెక్కడ ఆ నియమం తప్పారో ఏరి చూపించారు. వ్యాకరణం ఒప్పుకోదన్న రూపాలు పూర్వకవుల గ్రంథాల్లో ఎక్కడ ఉన్నాయో చూపించారు. బాలకవి శరణ్యం, గద్యచింతామణి లాంటి పుస్తకాలు అలా పుట్టినవే. కొన్నిసార్లు ఆయన మాట ఘాటుగానే ఉండేది. ఒక పుస్తకానికి ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అని పేరు పెట్టారు. భాషకి జబ్బు చేసిందంటూ పండితులే వైద్యులై మందు వేస్తున్నారన్న ఎత్తిపొడుపు అది. ఆ ఎత్తిపొడుపు కింద మాత్రం పేజీలకొద్దీ ఉదాహరణలు ఉండేవి. కాదనాలనుకున్నవాళ్లు ప్రతి ఉదాహరణనీ వెతికి చూసుకోవచ్చు.

1919లో తెలుగు అనే మాసపత్రిక మొదలుపెట్టారు. ఏడాదిపాటు నడిపారు. అదే 1919లో రాజమండ్రిలో వాడుక భాష కోసం ఒక సమాజం ఏర్పడితే దానికి అధ్యక్షుడుగా ఉండడానికి కందుకూరి వీరేశలింగం గారు ఒప్పుకున్నారు. గ్రాంథికంలో ఎన్నో పుస్తకాలు రాసిన పెద్దమనిషి ఆయన. కొద్ది నెలల్లోనే కన్నుమూశారు. చివరి రోజుల్లో ఇటువైపు రావడం గిడుగు పక్షానికి చాలా బలమిచ్చింది.

1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభ జరిగింది. గ్రాంథికవాదుల కోట అది. గిడుగు అక్కడికే వెళ్లారు. దాదాపు నాలుగు గంటలు మాట్లాడారని చెబుతారు. చేతిలో ఉన్నది కోపం కాదు, గ్రంథాల్లోంచి ఎత్తి తెచ్చిన ప్రయోగాలు. తనని మెచ్చుకునేవాళ్ల సభలో మాట్లాడటం ఎవరికైనా సులువే. తనని కాదనేవాళ్ల మధ్యకి వెళ్లి, వాళ్ల పుస్తకాలతోనే వాళ్లని ఒప్పించబోవడం కష్టం. ఆ కష్టం తప్పించుకోకపోవడమే ఆయన బాధ్యత అనుకున్నారు.

ఊరు వదిలిన రోజు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. పర్లాకిమిడి పట్నం అటు వెళ్లింది. ఒరియావాళ్ల రాష్ట్రం కోసం గట్టిగా పనిచేసినవాళ్లలో పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి గారు ముఖ్యులు. తన భాషవాళ్ల కోసం ఆయన పడిన తపన ఆయనది. పర్లాకిమిడి, చుట్టుపక్కల తెలుగు పల్లెలు ఇటే ఉండాలని గిడుగు వాదించారు. తాను ముప్పై ఏళ్లు జీతం తీసుకున్నది ఆ రాజావారి సంస్థలోనే. అయినా ఆ విషయంలో తన మాట దాచుకోలేదు. ఒరిస్సా ఏర్పడిన రోజునే, డెబ్బై రెండేళ్ల వయసులో, యాభై ఏళ్లకి పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు.

స్వేచ్ఛకి ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు ఆయన ఇంకొకరి చేత పెట్టించలేదు. చెవులు, డబ్బు, చివరికి ఊరు, అన్నీ తన జేబులోంచే ఇచ్చారు.

అదే రోజుల్లో అలాంటి ఖర్చు పెట్టిన ఇంకొకరు ఉన్నారు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. 1930లో స్వాతంత్ర్య ఉద్యమం మీద ప్రభుత్వం సాగించిన అణచివేతకి నిరసనగా ఆయన ఆ పదవికి రాజీనామా ఇచ్చారు. పదవిలో కూర్చుని విసుక్కోలేదు, కుర్చీ వదిలి చెప్పారు. 1936లో మళ్లీ అదే పదవికి వచ్చారు. ఆయన వైస్ ఛాన్సలర్‌గా ఉండగానే, 1938లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం గిడుగు రామమూర్తి గారికి కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవం చేసింది. ఒకప్పుడు ఒక విశ్వవిద్యాలయం కాదన్న మనిషిని ఇంకో విశ్వవిద్యాలయం పిలిచి సన్మానించింది.

1940 జనవరి 22న మద్రాసులో గిడుగు కన్నుమూశారు. దానికి వారం ముందు కూడా పత్రికా సంపాదకుల్ని కలిసి వాడుక భాషలో రాయమని కోరారు. విశ్వవిద్యాలయ పరీక్షల్లో వాడుక భాషకి పూర్తి ఆమోదం దొరకడానికి ఆయన పోయాక ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. ఆ గెలుపు ఆయన చూడలేదు. ఈ నెల మీరు చదువుతున్న ఈ పేజీ ఆయన గెలిచిన భాషలోనే ఉంది.

ఇక మీ సంగతి, మా సంగతి

ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నాం?

పేరెంట్స్ మీటింగుల్లో ఒక ప్రశ్న తరచుగా వస్తుంటుంది. గైడ్‌లో ఒకలా ఉంది, సార్ ఇంకోలా చెప్పారు, మా పిల్లాడు పరీక్షలో ఏది రాయాలి? ఆ భయం న్యాయమైనదే. జీడితోటలో, కొబ్బరితోటలో కష్టపడి, కువైట్‌కో దుబాయ్‌కో వెళ్లి పంపిన డబ్బుతో ఫీజు కడుతున్నారు మీరు. అర మార్కు పోయినా మీకు నొప్పే.

మా తరఫున చెప్పగలిగేది ఇది. పుస్తకాన్ని దాటి ఆలోచించే టీచరుని చూసి కంగారుపడకండి. అలాంటి టీచరు దొరకడం మీ పిల్లల అదృష్టం. కానీ ఆ టీచరుని మూడు విషయాలు అడిగే హక్కు మీకు ఉంది. మీరు చెప్పినదానికి ఆధారం ఏమిటి? ఇంకో పక్షం ఏమంటుందో కూడా పిల్లలకి చెప్పారా? పరీక్షలో ఏం రాయాలో, మీ సొంత అభిప్రాయం ఏమిటో రెండూ వేరువేరుగా విడమరిచి చెప్పారా? ఈ మూడింటికీ సూటిగా జవాబిచ్చే టీచరు తన స్వేచ్ఛని సరిగ్గా వాడుకుంటున్నట్టే. జవాబివ్వకుండా నేను చెప్పిందే వేదం అంటే, అది స్వేచ్ఛ కాదు, పెత్తనం. ఆ సంగతి మీరు ప్రిన్సిపాల్ గారి దృష్టికి తీసుకురావచ్చు. తీసుకురావాలి కూడా.

అలాగే ఏ టీచరైనా నాకు తెలియదు, రేపు చూసి చెప్తాను అన్నారని పిల్లలు ఇంట్లో చెబితే నవ్వకండి. సార్‌కే తెలియకపోతే ఇంకేం చదువు అని పిల్లల ముందు అనకండి. నలభై దాటాక తన అభిప్రాయం మార్చుకున్న పర్లాకిమిడి మేష్టారుని గుర్తు చేసుకోండి.

ఇంట్లో మీరు చేయగలిగింది కూడా ఒకటుంది. మీ పిల్లలు ఏటి, ఎక్కడికెల్తన్నావు, తినీసినావా అని మాట్లాడితే, అది పల్లెటూరి మాట, సిగ్గుపడు అని కసరకండి. బడి తెలుగు నేర్పడం మా పని, అది మేం నేర్పుతాం. ఇంటి తెలుగు మీద చిన్నచూపు నేర్పే పని మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు. రాజమండ్రి, తణుకు దాకా వెళ్లి పండితులతో వాదించిన మనిషి ఈ వంశధార గాలి పీల్చి, ఈ యాస మధ్య పెరిగినవాడే.

ఈ నెల 29న స్టేజి మీద మీ బాబు, పాప స్పీచ్ చెప్పాక, ఇంటికి వచ్చి ఒక పని చేయండి. అన్నం తినేటప్పుడు వాళ్లని అడగండి. బళ్లో చెప్పినదాంట్లో నువ్వు ఒప్పుకోనిది ఏదైనా ఉందా? ఉంటే, ఎందుకు? వాళ్లు ఊరికే నాకు నచ్చలేదు అంటే, కారణం వెతుక్కుని రేపు చెప్పమనండి. కారణంతో వస్తే, పూర్తిగా వినండి. వీలైతే ఒక ఆదివారం ముఖలింగం తీసుకెళ్లండి. దర్శనం అయ్యాక గోడల మీది అక్షరాలు చూపించండి. ఒక టీచరు ఇక్కడ నిలబడి వీటిని చదివి పెద్దవాళ్లని కాదనగలిగాడని చెప్పండి.

చదివి, చూసి, రుజువు పట్టుకుని, మర్యాదగా కాదనడం పిల్లలకి అలవాటైతే, తెలుగు భాషా దినోత్సవం మీ ఇంట్లో ఏడాది పొడుగునా జరిగినట్టే.

వచ్చే నెల మళ్లీ కలుద్దాం.